మూడు జిల్లాలకు సరిపడా రంది

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల ప్రజలకు ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, మంత్రాలు రద్దయినవి. వాటి స్థానంలో మనోబలం అమలులోకి వచ్చినది. ఇకమీదట తేలు కుట్టినా, బర్రె తప్పిపోయినా, బావిలో మోటరు ఇరుక్కున్నా మనసుతోనే పని కానిచ్చుకోవలెను. నిమ్మకాయతో పట్టుబడినవారు అది పులిహోర కోసమేనని రుజువు చూపవలెను.

నిర్ణయం మంచిదే. మంత్రాలు పనిచేయక రద్దు చేశారని అనుకోకండి. తాతల కాలం నుంచీ అవి నిక్షేపంగా పనిచేస్తున్నాయి. భూపాలపల్లి పక్కన నల్లవాగు గనిలో మంత్రగాడు గట్టు మీద నిలబడి నాలుగు ముక్కలు చదివితే, బొగ్గు సాయంత్రం దొడ్డిలోకి వచ్చే మేకల్లాగా వరసగా పైకి నడిచి వచ్చేది. చిక్కంతా ఖర్చు దగ్గర వచ్చింది. మంత్రానికి కుంకుమ కావాలి, ధూపం కావాలి, నల్లకోడి కావాలి. పని అయ్యాక కోడి ఎటు పోయిందని ఆడిట్ వారు అడిగితే మంత్రగాళ్లు మూతులు తుడుచుకున్నారు. మనసుకు ఈ తంటా లేదు. కూలికి వచ్చేవాళ్లు కొడవలి తెచ్చుకున్నట్టు, మనసు ఎవరిది వాళ్లు ఇంటి నుంచే తెచ్చుకుంటారు. పైగా మంత్రం మూఢనమ్మకం, మనోబలం శాస్త్రం. రెంటికీ తేడా ఏమిటని జఫర్‌గఢ్‌లో ఒక ముసలాయన అడిగితే, శాస్త్రానికి ఆఫీసు ఉంటుందని, ఆఫీసుకు రెండో శనివారం సెలవు ఉంటుందని అధికారులు ఓపికగా వివరించారు.

మొదట్లో చిన్న చిన్న ఇబ్బందులు రాకపోలేదు. జనగామలో బస్సును ప్రయాణికుల మనోబలంతో నడిపించి చూశారు. ఎవరి ఊరు వాళ్లు తలచుకోవడంతో బస్సు బస్టాండులోనే పొద్దంతా గుండ్రంగా తిరిగింది. డీజిలు మాత్రం చాలా ఆదా అయింది. మహబూబాబాద్ మిర్చి యార్డులో తక్కెడకు అటు రైతు మనసు, ఇటు వ్యాపారి మనసు పట్టుకోవడంతో ముల్లు తపస్సులో కూర్చున్న మునిలాగా కదలడం మానేసింది. అదే ఊరి స్టేషన్లో ఆగని రైళ్లను ప్లాట్‌ఫారం మీది జనం మనసుతో ఆపేశారు. రైలు ఆగింది గానీ, అందరూ ఎక్కాక కదలమని తలచుకోవడానికి ప్లాట్‌ఫారం మీద ఎవరూ మిగల్లేదు.

ఎవరికి ఎంత మనోబలం ఉందో తేల్చడానికి మండలానికొక శిబిరం పెట్టారు. బల్ల మీద ఇనుప గరిటె, దాని ముందు కుర్చీ. మొదట పెద్ద పెద్ద సార్లు కూర్చున్నారు. గరిటె కదల్లేదు. వాళ్లకు గౌరవ పత్రాలు ఇచ్చి శాలువాలు కప్పారు. తర్వాత ఒక కాంట్రాక్టరు కూర్చున్నాడు. గరిటె మాయమైంది. అది మనోబలం కిందికి రాదని తేల్చి కొత్త గరిటె తెప్పించారు. మొగుళ్లపల్లిలో పాపయ్య అనే కౌలు రైతు పింఛను సంగతి అడుగుదామని వచ్చి పొరపాటున ఈ వరసలో నిలబడ్డాడు. ఏరిన పత్తి కళ్లంలో ఉంది, ఆకాశంలో మబ్బు పట్టింది. పాపయ్య గరిటె వైపు కూడా చూడలేదు, మబ్బు వైపే చూశాడు. గరిటె లేచింది, బల్ల లేచింది, శిబిరానికి వేసిన షామియానా లేచి చింతలవాగు అవతల పడింది.

శాస్త్రజ్ఞులు పాపయ్యను కూర్చోబెట్టి పరిశోధించారు. మనోబలానికి ముడిసరుకు ఏమిటో అప్పుడు బయటపడింది. ఆఫీసు భాషలో దాని పేరు మానసిక ఇంధనం. మా దిక్కు దాన్ని రంది అంటారు, మనసును తొలిచే దిగులు. పిల్లల పరీక్ష ఫలితాలు రావలసిన తల్లులు, బోరు వేసి నీళ్లు చూడని వాళ్లు, దవాఖాన బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు, వీళ్లందరిలోనూ అది పుష్కలంగా ఉంది. సార్లలో ఎందుకు లేదో కూడా దీంతో తేలిపోయింది.

ఇంత సంపద మన దగ్గర ఉందని ఇన్నేళ్లూ మనకే తెలియదు. తెలిశాక ప్రభుత్వం ఊరుకోదు కదా. పరీక్ష పెట్టి ఫలితం ఆపడం, ఫలితం ఇచ్చి పరీక్ష రద్దు చేయడం, పాసుబుక్కులో తండ్రి పేరు చోట పక్క రైతు పేరు వేయడం, ఇవన్నీ చేతగానితనమని గిట్టనివాళ్లు ఇప్పటికీ అంటుంటారు. పాపం వాళ్లకు తెలియదు, అది ఉత్పత్తి.

నల్లవాగు గనిలో పని ఇప్పుడిలా సాగుతుంది. గని అడుగున ఒక పొడవాటి బల్ల. దాని మీద మనో కార్మికులు వరసగా కూర్చుని ఎవరి రంది వాళ్లు తలచుకుంటారు. బొగ్గు లేచి పైకి పోయి నేరుగా కరెంటు తయారయ్యే కొలిమిలో పడుతుంది. ఇంట్లో కూర్చుని తలచుకున్నా బొగ్గు లేస్తుంది గానీ, గనిలోకి దిగితేనే హాజరు పడుతుంది కాబట్టి అందరూ దిగుతారు. తల మీద టోపీ తప్పనిసరి. రంది కింద పడి దెబ్బ తగలకుండా.

ఆ బల్ల మీద అందరికంటే గట్టి మనసు లస్మయ్యది. లస్మయ్య కూర్చున్న షిఫ్టులో మిగతావాళ్లు కునుకు తీసినా బొగ్గు ఆగేది కాదు. పక్కన కూర్చునే జలీలుకు ఇదొక వింత.

"లస్మన్నా, నాకు గుడ రంది ఉన్నది. గాని నాది ఒక్క జాగల నిలవది. ఇల్లు కురుస్తదనుకుంట, గంతల బిర్యానీ యాదికొస్తది, లేపిన బొగ్గు కింద పడ్తది. నీది ఏం రంది అన్నా, పట్టిన పట్టు ఇడువది."

"నాకు ఒక్కతే బిడ్డ, ఒక్కటే రంది," అనేవాడు లస్మయ్య. "నీ తీరు నేను గుడ బిర్యానీ గురించి ఆలోచిస్తే ఊరంత చీకట్ల తినాలె."

ఆ బిడ్డ పేరు పద్మలత. డిగ్రీ చదివింది. రాయగలిగిన పరీక్షలన్నీ రాసింది. ప్రస్తుతం భూపాలపల్లిలో ఒక బట్టల దుకాణంలో, ఆడవాళ్లు విప్పించి చూసి వదిలేసిన చీరలు మడత పెడుతోంది.

గని ఉన్న ఊళ్ల ఆచారం తెలియనివారికి ఒక మాట చెప్పాలి. పనిచేసేవాడి ఒళ్లు చెడిపోతే కంపెనీ అతన్ని అన్‌ఫిట్ అని ఇంటికి పంపి, ఆ కొలువు బిడ్డకో కొడుక్కో ఇస్తుంది. అందుకే మా దిక్కు డాక్టరు ఊపిరితిత్తులు పాడయ్యాయని చెప్తే ఇంట్లో పాయసం వండుతారు. గుండె గట్టిగా ఉందని చెప్తే ఆడవాళ్లు కళ్లొత్తుకుంటారు. మనోబలం వచ్చాక ఒంటి సంగతి ఎవరికీ పట్టలేదు. చెడిపోవలసింది మనసు. అది తేల్చేది మెడికల్ బోర్డు, వయసు మీరితే దానికి కూడా పిలవరు. లస్మయ్యకు ఆ ఏడాదే ఆఖరు.

బోర్డులో ముగ్గురు డాక్టర్లు. వాళ్ల ముందు బల్ల మీద తట్టెడు బొగ్గు. తట్ట లేస్తే ఫిట్, లేవకపోతే అన్‌ఫిట్. లస్మయ్య కళ్లు మూసుకుని ఏమీ తలచుకోవద్దనుకున్నాడు. ఏమీ తలచుకోకపోతే బిడ్డకు కొలువు వస్తుంది కదా అనుకున్నాడు. బిడ్డ అనుకోగానే తట్ట పోయి ఫ్యానుకు తగిలింది. రెండోసారి పిలిచినప్పుడు వాన పాటలు తలచుకుంటూ పోయాడు. వాన, ఇంటి కప్పు, ఇల్లు, ఇంట్లో బిడ్డ. ఈసారి ఫ్యాను కూడా ఊడింది.

పెద్ద డాక్టరు దయగల మనిషి. బొగ్గు పొడి తుడుచుకుంటూ విషయం విడమరచి చెప్పాడు. "చూడు లస్మయ్యా, బిడ్డకు కొలువు వస్తే నీ రంది పోతుంది. రంది పోతే నువ్వు అన్‌ఫిట్. నువ్వు అన్‌ఫిట్ అయితే బిడ్డకు కొలువు వస్తుంది. ఇందులో నీకు అర్థం కానిది ఏముంది?"

"అంత సమజైంది సారూ," అన్నాడు లస్మయ్య. "యాడికెల్లి మొదలువెట్టాల్నో గదొక్కటే సమజైత లేదు."

అది బోర్డు పరిధిలోకి రాదని చెప్పి, వచ్చే నెల ఆఖరిసారి పిలుస్తామని పంపేశారు.

జలీలు తల్లి కుబ్రా బీ. మంత్రాల కాలంలో గిన్నెడు నీళ్ల మీద ఊది ఇచ్చేది. జడుసుకున్న పిల్లలు, నిద్ర పట్టని బాలింతలు, కోర్టు వాయిదా ఉన్న పెద్దమనుషులు, అన్ని కులాల వాళ్లూ, అన్ని దేవుళ్ల వాళ్లూ ఆ నీళ్లు తాగి తేలికపడి పోయేవాళ్లు. మంత్రాలు రద్దయ్యాక కూడా ఆమె ఊదడం మానలేదు. ఆమె ఊదిన వీధిలో రంది తగ్గి బొగ్గు పలచబడుతోందని గమనించిన అధికారులు, ఆమె మీద కరెంటు చౌర్యం కేసు పెట్టారు. నిచ్చెన కూడా ఎక్కలేని మనిషి తీగల మీద ఎట్లా పడిందని జలీలు అడిగితే, ఆ విషయం విచారణలో తేలుతుందన్నారు.

పద్మలత ఆమె దగ్గరికి పోయింది.

"కుబ్రా అవ్వా, మా బాపుకు జర ఊదరాదే."

"ఏమైందే బేటీ? తేలు కుట్టిందా?"

"తేలు కాదవ్వా. నా కొలువు రంది."

"తేలుదైతే దిగుతది. నౌకరీది దిగదు బేటీ. ఇయ్యాల ఊదితే రేపు పొద్దుగాల మళ్ల ఎక్కి కూసుంటది. పైంగ కరెంటోళ్లు ఇంకో కేసు రాస్తరు."

"మరి ఎట్లనే?"

కుబ్రా బీ వక్క ఒకటి నోట్లో వేసుకుంది. "అబద్ధం చెప్పు. నౌకరీ దొరికిందని చెప్పు."

"బాపుకు అబద్ధం చెప్పాల్నా?"

"ఎందుకు చెప్పొద్దే? నౌకరీలు దొరికినయి దొరికినయి అని పెద్దోళ్లు ఎన్నేండ్ల సంది చెప్తలేరు? వాళ్లు చెప్తే మీ నాయిన నమ్మలే. నువ్వు చెప్తే నమ్ముతడు. అబద్ధం మంత్రం కాదు, మనోబలం కాదు. దానికి లైసెన్సు ఎవ్వడు అడగడు."

బోర్డు రోజు పొద్దున్నే పద్మలత పేడాల డబ్బా తెచ్చింది. మొగుళ్లపల్లి మండల ఆఫీసులో కొలువు దొరికిందని చెప్పి తండ్రి నోట్లో పేడా పెట్టింది. తల్లి మంగమ్మకు సంగతి ముందే తెలుసు. తెలిసినా, భర్త మొహం చూసి ఆమెకు నిజంగానే కొలువు దొరికిందేమోనని అనుమానం వచ్చింది. లస్మయ్య పేడా మొత్తం తిన్నాడు. తర్వాత లేచి, చాలా ఏళ్లుగా ఇంట్లో గాలిలో తేలుతున్న చెంబు తనంతట తానే కిందికి దిగితే, దానితో నీళ్లు ముంచుకుని తాగాడు.

బోర్డు ముందు తట్ట కదల్లేదు.

డాక్టర్లకు నమ్మకం కుదరలేదు. గనిలో సగం బొగ్గు ఇతనిదే మరి. రంది పుట్టించడానికి శాయశక్తులా ప్రయత్నించారు.

"లస్మయ్యా, నీ పాసుబుక్కులో భూమి ఇంకొకరి పేరు మీద పడిందట."

"పడనీ సారూ. వాడే దున్నుకుంటడు. నాకు ఎరువు ఖర్చు తప్పె."

"నువ్వు క్వార్టర్ ఖాళీ చేయాలి."

"చేస్త. మా పద్మ మొగుళ్లపల్లిల ఇల్లు కిరాయికి తీసుకుంటది."

"నీ బీపీ బాగా ఎక్కువగా ఉంది."

"ఉండనీ, ఇన్నేండ్లు అది గుడ నాతోనే కష్టపడ్డది," అని లస్మయ్య నవ్వాడు. ఆ నవ్వుకు బొగ్గు ఇంకాస్త కిందికి అణిగి బల్ల కాలు విరిగింది. ముగ్గురు డాక్టర్లూ ఏకగ్రీవంగా అన్‌ఫిట్ అని సంతకాలు పెట్టి ముద్ర వేశారు.

గేటు బయట పద్మలత తండ్రి చేయి పట్టుకుంది. "బాపు, మొగుళ్లపల్లి కొలువు ఉత్తదే. నీకు అన్‌ఫిట్ రావాల్నని చెప్పిన. ఇగ నీ కొలువే నాకు వస్తది."

"అయ్యో బిడ్డా," అన్నాడు లస్మయ్య. "నా జీతం పాయె. రేపు నీకు ఇయ్యకపోతే ఎట్లనే?"

ఆ మాటతో ఇనుప గేటు బందులూడి తాటిచెట్టంత ఎత్తు లేచింది. కాపలావాడు పరుగున పోయి బోర్డుకు చెప్పాడు. బోర్డు తొణకలేదు. మనోబలం లేదని ధ్రువీకరించబడిన మనిషి గేటును లేపడం సాధ్యం కాదు కనుక గేటు గాలికి లేచిందని రాసి, గాలిపై తగు చర్యకు సిఫారసు చేసింది.

పద్మలతను పరీక్షకు పిలిచారు. తట్ట ముందు కూర్చుంది. ఇన్నేళ్లకు కొలువు దొరుకుతోందని ఆమె మనసు దూదిలాగా ఉంది. తట్ట కదల్లేదు. మనోబల అధికారి తల అడ్డంగా ఊపి, "పనికిరాదు, పంపేయండి," అన్నాడు. ఆ మాట చెవిన పడగానే తట్ట లేచి పైకప్పు పెంకులు చీల్చుకుని పోయింది. అధికారి సంతోషించి, "అద్భుతం, కొలువు ఇచ్చేశాం," అన్నాడు. వెళ్లిన తట్ట వెళ్లిన దారినే వచ్చి అధికారి ముందు పడింది. లేదు అంటే లేస్తుంది, ఉంది అంటే పడుతుంది. మధ్యాహ్నం దాకా ఇట్లా అటూ ఇటూ అయ్యాక, అధికారి భోజనం మానేసి ఆలోచించి, ఆ సాయంత్రమే సమావేశం పెట్టి ప్రసంగించాడు.

"మిత్రులారా, సంతోషం ఉత్పత్తికి శత్రువు. కొలువు ఇస్తే ఈ అమ్మాయి సంతోషిస్తుంది, బొగ్గు ఆగుతుంది. ఇవ్వం అంటే ఇంటికి పోతుంది, అప్పుడూ బొగ్గు ఆగుతుంది. కాబట్టి దేశ ప్రయోజనాల దృష్ట్యా మనం ఇవ్వము, ఇవ్వమని కూడా చెప్పము. పరిశీలనలో ఉంది అంటాము. పరిశీలన అనేది మానవజాతి కనిపెట్టిన అన్నిటికంటే గొప్ప ఇంధనం. అది మండుతుంది గానీ అయిపోదు."

చప్పట్లు మోగాయి. పద్ధతి అద్భుతంగా పనిచేసింది. పద్మలత మరుసటి రోజు నుంచే తాత్కాలికంగా గనిలోకి దిగింది. ప్రతి నెలా జీతం ఇచ్చే చోట, అది కూడా చీరలు మడిచినప్పటి జీతానికి పెద్దగా తేడా లేని జీతమే అనుకోండి, వచ్చే నెల పర్మినెంట్ అవుతుందని చెప్తారు. ఆమె నమ్ముతుంది, నమ్మదు. ఆ రెంటి మధ్య పుట్టే రంది ఉంది చూశారా, దాని ముందు లస్మయ్య రంది కూడా చిన్నబోయింది. బొగ్గు పిట్టల గుంపులాగా ఎగిరి పోయేది. ఆ ఒక్క మనసు మీద మూడు జిల్లాలకూ కరెంటు సరిపోయింది. బల్ల మీది మిగతా అందరినీ పొదుపు చర్యల కింద ఇళ్లకు పంపేశారు. జలీలు ఇంట్లో తీరికగా కూర్చుని బిర్యానీ గురించే ఆలోచిస్తున్నాడు, వండుకునే దారి లేక. ఉత్తమ మనో కార్మికురాలిగా పద్మలతకు శాలువా ప్రకటించారు. ఆమె డ్యూటీలో ఉన్నందున ఆమె తరఫున అధికారే కప్పుకున్నాడు.

లస్మయ్య రంది మాత్రం ఏ జీతమూ లేకుండా నడుస్తోంది. ఇంట్లో కంచాలు మళ్లీ గాలిలోనే. "జర దించుకోయ్యా, పప్పు అందుత లేదు," అని మంగమ్మ పీట మీద పీట వేసుకుని వడ్డిస్తోంది.

ఇంతలో పాత అధికారి పదోన్నతి మీద పోయి కొత్త అధికారి వచ్చాడు. కుర్రవాడు, ఇంకా అనుభవం లేదు. లస్మయ్య పోయి ఆయన ముందు నిలబడ్డాడు.

"సారూ, నా బిడ్డకు కొలువు ఇయ్యకుంటె పాయె. ఇయ్యం అని ఒక్క మాట చెప్పుండ్రి. వేరే బతుకు చూసుకుంటది. లేకుంటె ఇచ్చినమని చెప్పుండ్రి. ఈ నడుమిట్ల ఉరి ఎందుకు సారూ?"

కొత్త అధికారికి ఈ పద్ధతి లోతు తెలియదు. ఫైలు తెప్పించి చదివి, ఇందులో పరిశీలించడానికి ఏమీ లేదే అని అక్కడికక్కడే కొలువు కాగితం మీద సంతకం పెట్టాడు. ఆ కాగితం లస్మయ్య చేతికే ఇచ్చాడు. లస్మయ్య దాన్ని అంగీ లోపల పెట్టుకుని గని అడుగుకు దిగి, బిడ్డ ఒళ్లో పెట్టాడు. పద్మలత చదివింది. మళ్లీ చదివింది. తండ్రి భుజం మీద తల పెట్టుకుని నవ్వింది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. భూపాలపల్లి పోయింది, మహబూబాబాద్ పోయింది, జనగామ పోయింది. క్రికెట్ మ్యాచ్ ఆఖరి ఓవర్లో ఉంది. ఆడవాళ్ల సీరియల్లో కోడలు తలుపు తీయబోతోంది. గిన్నెల్లో సగం ఉడికిన అన్నం, సగం ఛార్జి ఎక్కిన ఫోన్లు. ఆ సగం ఛార్జితోనే జనమంతా ఫోన్లు చేశారు. ఉద్యోగాల కోసం ధర్నా చేసి అప్పుడే ఇంటికి వచ్చిన నాయకులు చేశారు. తమ ఫలితాలు ఆపినందుకు పొద్దున పిడికిలి ఎత్తిన పిల్లలు చేశారు. రైతు కష్టం మీద పాట రాస్తూ మధ్యలో ఫ్యాను ఆగినందుకు ఒక కవిగారు చేశారు.

కొత్త అధికారి కొంతమందికి సంగతి చెప్పి చూశాడు. ఒక అమ్మాయికి కొలువు వచ్చింది, ఆమె సంతోషంగా ఉంది, అందుకే కరెంటు పోయిందన్నాడు. అందరూ ఓపికగా విన్నారు. చాలా మంచి విషయం, ఆమెకు అభినందనలు చెప్పండి అన్నారు. తర్వాత, కరెంటు ఎప్పుడొస్తదని అడిగారు.

అరగంటకు పైనుంచి మనిషి గనిలోకి దిగి, కాగితంలో చిన్న సవరణ ఉందని పద్మలత చేతిలోంచి తీసుకున్నాడు. వచ్చే నెల ఇస్తామన్నాడు. కొత్త అధికారిని చెరువుల్లో చేపలు లెక్కపెట్టే పని మీద జఫర్‌గఢ్ పంపారు.

ఆ సాయంత్రం మీ ఇంట్లో కూడా కరెంటు పోయింది కదా. మీరూ ఫోన్ చేసే ఉంటారు. వచ్చింది కదా మరి.